వదులైన కట్టు

ముక్కు ఎముకను ఉలితో కోయించుకుంటే మంచిదా, మిషనుతో కోయించుకుంటే మంచిదా అని మా ఊళ్ళో ఇప్పటికీ నన్ను ఆపి అడుగుతారు. చాయ్ హోటల్ దగ్గర అడుగుతారు, బస్సులో పక్క సీటువాడు అడుగుతాడు, పీర్ల పండుగనాడు నిప్పుల గుండం చుట్టూ జనం ఎగురుతుంటే ఆ డప్పుల మోతలో నా చెవి దగ్గర నోరు పెట్టి మరీ ఒకడు అడిగాడు. వీళ్ళెవరికీ ముక్కు కోయించుకునే పని లేదు. వీళ్ళకు కావలసింది జవాబూ కాదు. మా ఇంట్లో జరిగింది నా నోటితో నేను చెప్తుంటే వినాలి, అంతే. అందుకే వాళ్ళకు చెప్పను. "పోయి డాక్టరును అడుగు" అంటాను. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో అడ్డం రాదు.

నేను బడికి పోయినవాణ్ణి కాను, గొర్రెల వెంట పోయినవాణ్ణి. దుకాణంలో బెల్లం చుట్టి ఇచ్చిన పాత పేపర్ల మీద అక్షరాలు పట్టుకున్నాను. తెలియని అక్షరం వస్తే దారిన పోయే బడిపిల్లలను ఆపి చెప్పించుకున్నాను. ఇప్పుడు ఫోనులో కూడా చదువుతాను. ఈ ముక్కు ఎముక గురించి తెలుగులో దొరికినంత చదివాను, దొరకనిది మనుమరాలితో చదివించుకొని తెలుగులో చెప్పించుకున్నాను. కాబట్టి "మీకు అర్థం కాదులే పెద్దాయనా" అని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. నాకు అర్థమైంది. అర్థమై ఏం లాభం వచ్చిందన్నది వేరే సంగతి.

మా ఊరు దేవరకొండ అవతల గుట్టల్లో ఉంది. నల్గొండకు ఎంత దూరమో మహబూబ్‌నగర్‌కూ అంతే దూరం, అంటే ఎక్కడి దవాఖానా మాకు దగ్గర కాదు. కొడుకూ కోడలూ బొంబాయిలో కట్టడాల పని మీద ఉండడంతో మనుమరాలు చిన్ననాటి నుంచీ మా ముసలివాళ్ళిద్దరి దగ్గరే పెరిగింది. నా భార్యను అవ్వ అంటుంది. తల్లి కన్నా అవ్వతోనే ఎక్కువ. ఆమె పక్కనే పడుకునేది, ఆమె కంచంలోనే తినేది.

సర్కారు గొర్రెలు పంచిన ఏడాది మా మందలోకి ఒక పరాయి పొట్టేలు వచ్చింది. మా పాత పొట్టేళ్ళకు ఈ పిల్ల తెలుసు. చిన్నప్పుడు వాటి కొమ్ములు పట్టుకొని నడిచింది. కొత్తదానికి ఈమె ఎవరో తెలియదు. తొట్టిలో తవుడు పోయడానికి వంగింది, అది వెనక్కి పోయి, పరుగున వచ్చి ముఖం మీద కొట్టింది. అప్పుడామె హైస్కూలు పిల్ల.

దవాఖానలో పెదవికి కుట్లు వేశారు. ముక్కు గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. "వాపు దిగినంక చూద్దాం. అప్పటిదాక ఎవ్వరు తాకొద్దు" అన్నారు. నా భార్య ఆ వరండాలో కూర్చొని తన చేతులు తానే పిసుక్కుంటూ ఉండడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

ఎందుకంటే ఆమెకు విరిగిన ఎముకల సంగతి తెలుసు. మనుషులవి కాదు, గొర్రెపిల్లలవి. మా ఇళ్ళల్లో ఆ పని ఆడవాళ్ళది. పిల్ల కాలు విరిగితే వేడి మీద ఉండగానే లాగి సరిచేయాలి. రెండు వైపులా వెదురు దబ్బలు పెట్టి, పాత చీర పీలికలతో చుట్టాలి. అంతటితో అయిపోదు. వాపు దిగినకొద్దీ కట్టు వదులవుతుంది. వదులైన కట్టు లేని కట్టు కన్నా చెడ్డది, లోపల ఎముక ఆడుతుంది. అప్పుడు మళ్ళీ బిగించాలి, వంకర పోయిన వైపు పీలిక ఇంకో మడత ఎక్కువ పెట్టాలి. ఇది ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. ఆమె చేతిలో కుంటిదైన పిల్లను నేను చూడలేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా బుట్టల్లో పెట్టుకొని తెచ్చేవాళ్ళు.

అంతటి చేతులతో ఆ రోజు ముక్కును తాకొద్దని దవాఖానవాళ్ళు అన్నారు, ఆమె తాకలేదు. వాపు దిగింది. దిగాక చూస్తే ముక్కు ఎడమవైపుకు ఒరిగి ఉంది, నడుమ ఎముక బుడిపెలా లేచింది. ఒక రంధ్రంలో గాలి ఆడదు. మళ్ళీ తీసుకుపోతే "ఇప్పుడేమున్నది, అతుక్కున్నది. పెద్దయినంక ఆపరేషన్ చేయించుకోన్రి" అన్నారు. తాకొద్దన్నవాళ్ళూ వీళ్ళే, అతుక్కుందన్నవాళ్ళూ వీళ్ళే! నేను అక్కడే గొంతు లేపాను. నన్ను బయటికి పొమ్మన్నారు.

ఆనాటి నుంచి నా భార్యకు ఒకటే మాట. "ఆ దినం నేను చెయ్యి పెట్టుంటే అయిపోతుండె. ఉడుకు మీద ఉండె. జర ఇట్ల అంటే సక్కగయ్యేది." చెబుతూ రెండు బొటనవేళ్ళతో గాలిలో నొక్కి చూపించేది.

పిల్లకు బడిలో వంకరముక్కు అని పేరు పడింది. నల్గొండకు ఇంటరు చదవడానికి పోయినప్పుడు చున్నీతో ముఖమంతా చుట్టుకోవడం నేర్చుకుంది. ఎండకూ దుమ్ముకూ ఆడపిల్లలందరూ అట్లా కట్టుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంటికి వస్తే మాత్రం గడప దాటగానే విప్పి దండెం మీద పడేసేది. మా ఇంట్లో ఆమె ముఖం మీద ఏనాడూ గుడ్డ లేదు.

తర్వాత కరోనా వచ్చింది. లోకమంతా ఏడ్చిన ఆ కాలంలో నా మనుమరాలు సంతోషంగా ఉంది. ఈ మాట రాయడానికే నాకు సిగ్గుగా ఉంది, అయినా నిజం. అందరి ముఖాల మీదా మాస్కులు. నల్గొండలో బట్టల దుకాణంలో పనికి కుదిరింది. కళ్ళు పెద్దవి, మాట తీపిది. చీర విప్పి చూపిస్తూ ఆమె మాట్లాడుతుంటే గిరాకీ కదిలేది కాదు. మాస్కులు పోయినాక సేటు ఒకరోజు పిలిచి, "ఇగ తీసెయ్యమ్మా, గిరాకీకి ముఖం కనపడాలె గద" అన్నాడట. తీసింది. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది, మళ్ళీ పనికి పోలేదు.

ఆపరేషన్ చేయిద్దామని మేము అనుకున్నది అప్పుడే. ఊళ్ళో మాటలు మొదలయ్యాయి.

"ఏం తాతా, మనుమరాలిని సినిమాలల్లకు తోలుతవా?"

"ఊపిరి ఆడుతలేదురా. ఊపిరి కోసం" అన్నాను నేను.

"ఇన్నేండ్లు ఎట్ల బతికిందే మరి, ఊపిరి లేకుంటనే?"

పక్కనే ఉన్న మనుమరాలు చున్నీలోంచే జవాబిచ్చింది. "ఊపిరి కోసం కాదు బాబాయ్. ముక్కు కోసమే. నీకు సక్కటిదున్నది, నీకేం తెలుస్తది?" ఇంటికొచ్చాక నాతో అంది. "అబద్ధమెందుకు చెప్తవు తాతా? నాకు ముఖం కావాలె. ముఖం కట్టుకోకుంట బజార్ల ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలె. గంతే."

గంతే. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు.

నల్గొండ హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉన్న పిల్లది మహబూబ్‌నగర్. స్కూటీ మీద నుంచి పడి ముక్కు పగిలి, ముందటి ఏడాదే ఆపరేషన్ చేయించుకుంది. చూసి వద్దామని మనుమరాలూ నేనూ పోయాం. ఆ పిల్లకు చేసింది ఉలి పద్ధతి. తలుపు తీసినప్పుడే నేను ఆమె ముక్కు వంక చూశాను. చక్కగా ఉంది. వాళ్ళమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఆగకుండా చెప్పింది.

"ఇప్పుడు చూసి బాగున్నదంటరు పెద్దాయ్న. అప్పుడు చూడాలె! కండ్లు రెండు నల్ల వంకాయలే. తెల్లగుడ్ల నెత్తురు. వాపు దిగనే దిగదు, ముక్కు మీది కట్టు చర్మానికి అతికినట్టు బిగిసుండె. మా ఆయన దవాఖానకొచ్చి చూసి, ఈమె కాదు, మన పిల్ల పక్క మంచం మీదున్నట్టున్నది అన్నడు."

"అమ్మా, ఇగ ఆపు" అంది ఆ పిల్ల.

"ఎందుకాపాలె? సుత్తె పెట్టి కొట్టిన్రు నిన్ను. టకటక, టకటక. నువ్వు మత్తుల ఉంటివి, నీకేం ఎరుక?"

ఆమె ఫోను తీసి అప్పటి ఫోటోలు చూపించింది. మా పిల్ల ఒక్కొక్కటి వేళ్ళతో పెద్దది చేసి చూసింది. నేను ఒకటి చూసి చాలన్నాను. ఆడపిల్ల ముఖం మీద సుత్తి ఏమిటి? గుట్టలో కంకర కొట్టడమా ఇది? వచ్చేటప్పుడు బస్సులో ఆ కోపంలోనే ఉన్నాను.

పట్నంలో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ముందు అదే అడిగాను. డాక్టరు నవ్వలేదు, విసుక్కోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కాగితం మీద ముక్కు గీసి చూపించాడు. ముక్కు ఎముకలు ఇంటి కప్పు మీది రేకుల్లా రెండు వైపులకూ వాలి ఉంటాయట. ముక్కును సన్నం చేయాలన్నా, నిటారుగా నిలపాలన్నా వాటిని మొదలు దగ్గర కోసి కదిలించక తప్పదు.

"ఉలితో అయితే ముక్కు లోపల చిన్న గాటు పెడతాం. దాంట్లోంచి సన్నని ఉలిని ఎముక వెంబడి పంపి, మెల్లగా కొడుతూ పోతాం. కంటికి కనిపించదు. చేతికి తెలుస్తుంది, చప్పుడు మారితే చెవికి తెలుస్తుంది. మిషనుతో అయితే చర్మాన్నీ, ఎముక మీది పొరనూ పైకి లేపి, ఎముకను కళ్ళతో చూస్తూ కోస్తాం. దాని మొన చాలా వేగంగా వణుకుతుంది. ఎముకను కోస్తుంది కానీ పక్కనున్న మెత్తటి భాగాలను అంతగా గాయపరచదు. అందుకే నెత్తురు పేరుకోవడం, కళ్ళు నల్లబడడం తక్కువ."

"అయితే మిషనే మంచిది" అన్నాను.

"మొదటి వారాలు సుఖంగా ఉంటాయి పెద్దాయనా. కొన్ని నెలలు పోయాక చూస్తే దేంతో చేశామో నేనే చెప్పలేను. మిషనుకు టైం ఎక్కువ పడుతుంది, పొరను ఎక్కువ లేపాలి. ఆ పొర ఎముకను పట్టి ఉంచే గుడ్డలాంటిది. ఉలి పద్ధతిలో అది చాలావరకు అట్లాగే ఉంటుంది."

"మరి ఏది చేస్తవు సారూ?"

"ఈ అమ్మాయికి పాత విరుపు ఉంది, అడ్డదిడ్డంగా అతుక్కుంది. ఉలితో కొడితే పగులు మనం అనుకున్న చోట కాకుండా పాత గీతలోకి పోవచ్చు. నేనైతే మిషనుతో చేస్తాను."

మా పిల్ల అప్పటికే తల ఊపుతోంది. ఖర్చు సంగతి ఇక్కడ రాయను. ఊళ్ళో అందరూ మొదట అడిగేది అదే, అందుకే రాయను.

ఆపరేషన్ అయింది. బయటికి తెచ్చినప్పుడు ముక్కు మీద తెల్లటి కట్టు ఉంది. వేడినీళ్ళలో మెత్తబడి, ముక్కు ఆకారానికి ఒదిగి, ఆరితే గట్టిపడే ప్లాస్టిక్ అది, పైన అతుకు పట్టీలు. నేను చూసింది కళ్ళను. కళ్ళు కళ్ళలాగే ఉన్నాయి. కింద కాస్త పసుపు రంగు, అంతే. ఎన్నడూ లేనిది నాకు గర్వం వచ్చింది. మహబూబ్‌నగర్‌కు ఫోను కలిపి, "మా పిల్లకు కండ్లు నల్లబడలే!" అని చెప్పాను. అవతల ఆ తల్లి, "అదృష్టవంతులు పెద్దాయ్న" అంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పినవి నాకు గుర్తున్నాయి. తల కింద మెత్తలు ఎత్తుగా పెట్టి వెల్లకిలా పడుకోవాలి. వంగొద్దు, బరువులెత్తొద్దు, ముక్కు చీదొద్దు. కట్టు తడవొద్దు, కదలొద్దు. వారం కాగానే వస్తే తీసేస్తాను. ఇవే నా భార్యకు చెప్పాను. ఆమె ఒక్కొక్క దానికీ "ఊ" కొట్టింది.

ఆ కొద్ది రోజులు మా ఇంట్లో పండుగలా ఉంది. పిల్ల మంచం మీద మెత్తలకు ఆనుకొని కూర్చునేది. అవ్వ జొన్న గటక పలుచగా కాచి చెంచాతో తాగించేది. వాపు చెప్పిన దానికన్నా ముందే దిగుతోంది. మిషను మహిమ అనుకున్నాను. చెంపలు చిక్కాయి, నవ్వితే పళ్ళు కనిపిస్తున్నాయి.

కట్టు తీయించడానికి పోయే రోజు ఇంకా రాలేదు. మందులైపోతే నేను దేవరకొండ పోయాను. మధ్యాహ్నం తిరిగి వచ్చి చూద్దును కదా, పిల్ల ముఖానికి అడ్డంగా మెత్తటి పాత చీర పీలిక కట్టి ఉంది. ప్లాస్టిక్ కట్టు మీదుగా పోయి, చెవుల కిందుగా తల వెనక ముడి. కట్టుకు ఎడమ పక్కన పీలిక మందంగా ఉంది.

"ఏందిది?" అన్నాను.

"కట్టు వదులైంది" అంది నా భార్య. చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. "వాపు దిగింది గద. మాట్లాడితే ఆడుతాంది, తింటే ఆడుతాంది. కదలొద్దన్నడా లేదా మీ డాక్టరు? బిగించకుంటే ఎట్ల?"

"ఫోన్ చేసి అడగకపోయిన్రా?"

"ఏమని అడగాలె? కట్టు వదులైతే బిగించాల్నా వద్దా అని అడగాల్నా? ఆ సంగతి నాకెరికే గద."

పిల్ల మంచం మీద నుంచి అంది. "ఇప్పుడు మంచిగున్నది తాతా. ఇంతకుముందు జారినట్టయితుండె. ఇప్పుడు కదుల్తలేదు."

"ఎడమకు మడత జర ఎక్కువ పెట్టిన" అంది నా భార్య. "పాత వంకర అటే గద. మళ్ళ అటు పోకుండ." ఆమె ముఖంలో ఆ రోజు ఉన్న తృప్తిని నేను మర్చిపోలేను. ఇన్నేళ్ళ కింద దవాఖాన వరండాలో ఆపేసిన పని ఇప్పటికి అయినట్టు ఉంది. నేను ఆ సమయానికి ఇంట్లో ఉన్నా ఆమె చెయ్యి పట్టుకునేవాణ్ణి కాను. ఆమె చెప్పినదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. గొర్రెలు కాసే ఏ ఇంట్లోనైనా, ఎవరికైనా కనిపించదు.

పట్నం పోయిన రోజు నా భార్య కూడా వచ్చింది. ఆమె పట్నం దవాఖాన చూడడం అదే మొదలు. పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకుంది. పిల్ల ముఖం విప్పుతుంటే తాను ఉండాలంది. కిరాయి కారులో పోతుండగా పిల్ల పీలిక ముడి విప్పి సంచిలో పెట్టేసింది. "డాక్టరు నవ్వుతడు అవ్వా" అంది. "నవ్వనీ" అంది అవ్వ.

డాక్టరు పట్టీలు తడిపి, కట్టు లేపాడు. లైటును దగ్గరికి లాగాడు. పక్క నుంచి చూశాడు, తల వెనక్కి వంచి కింది నుంచి చూశాడు. చెంపల మీద పీలిక వేసిన గీతలు ఇంకా పోలేదు. వాటిని వేలితో తాకి, "ఎవరైనా దీన్ని నొక్కారా? కట్టారా?" అన్నాడు.

నా భార్య ముందుకు కదిలింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది.

"లేదు సార్. నిద్రల పక్కకు ఒరిగిన. మెత్త కింద చెయ్యి పెట్టుకొని పడుకుంట. ఒత్తుకున్నట్టున్నది."

డాక్టరు నమ్మలేదు. నమ్మనట్టు ముఖం పెట్టలేదు కూడా. ఎడమ వైపు ఎముక లోపలికి జరిగిందన్నాడు. కోసిన ఎముక పచ్చిగా ఉంటుందనీ, పైనున్న పొర మళ్ళీ పట్టుకునేదాకా చిన్న ఒత్తిడికైనా కదులుతుందనీ చెప్పాడు. కట్టు వదులు కావడం మామూలేనట, దాన్ని అట్లా వదిలేస్తే చాలట. అది లోపలి ఎముకను బిగించేది కాదు, బయటి దెబ్బ తగలకుండా కాచే మూత మాత్రమేనట. ఈ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదని నా గొంతు దాకా వచ్చింది. చెప్పాడేమో. కదలొద్దని చెప్పాడు కదా. వదులైతే బిగించవద్దని ఎవరికైనా ఎవరైనా ఎందుకు చెప్తారు? బిగించేవాళ్ళు ఉంటారని ఆయనకేం తెలుసు? నా కోపానికి నిలబడే జాగా దొరకలేదు.

రెండు బొటనవేళ్ళు ఆనించి డాక్టరు ఎముకను బయటికి జరపడానికి చూశాడు. నా భార్య గాలిలో నొక్కి చూపించేది కూడా సరిగ్గా అట్లాగే. పిల్ల కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కొంత వచ్చింది, అంతా రాలేదు. అప్పుడు అద్దం అడిగింది.

ముక్కు నిటారుగా ఉంది, అది నిజం. పాత బుడిపె పోయింది. కానీ ఎడమ పక్కన బొటనవేలు పట్టేంత గుంట ఉంది. వెలుతురు అటు పడితే ఆ సగం ముఖం వేరే మనిషిదిలా ఉంది. పిల్ల చాలాసేపు చూసుకుంది. అద్దాన్ని బల్ల మీద బోర్లించి పెట్టి, "ఊపిరి ఒకదాంట్ల ఇంక తక్కువైంది సార్" అంది. అంతే.

వాళ్ళిద్దరినీ బయట కూర్చోబెట్టి నేను మళ్ళీ లోపలికి పోయాను. "ఉలితో చేసుంటే ఇట్లయ్యేదా?" అని అడిగాను. "పొర అట్లాగే ఉండేది కాబట్టి కొంత ఆగేదేమో. వాపు ఎక్కువ రోజులు ఉండేది కాబట్టి కట్టు వదులయ్యేదే కాదేమో. లేకపోతే పాత విరుపులోకి పగిలి ఇంకా చెడేదేమో. చెప్పలేను పెద్దాయనా." ఏడాది ఆగితే మళ్ళీ చేయవచ్చునన్నాడు. ఈసారి చెవి నుంచో పక్కటెముక నుంచో మెత్తటి ముక్క తీసి గుంటలో పెట్టాలి, అదే ఎముకను అదే చోట ఇంకోసారి కోయాలి.

నేను ఇంత చదివి సంపాదించుకున్నది ఆ మూడు "ఏమో"లే.

కారు దేవరకొండ దాటింది. అప్పుడు నా భార్య అడిగింది. "నా చెయ్యేనా బిడ్డా?"

"కాదవ్వా. నిద్రల ఒరిగిన. చెప్పిన గద."

"నువ్వు వెల్లకిలనే పండుకుంటివి. నేను పక్కన్నే కూసుంటి."

"నువ్వు కునికినప్పుడు ఒరిగిన."

నా భార్య చీర అంచును వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది.

ఊళ్ళోవాళ్ళు తలా ఒక మాట అన్నారు. మిషను చెడ్డది అన్నారు. మన నీళ్ళు తాగిన ఎముకలు అంతే, పట్నం మిషన్లకు ఆగవు అన్నారు. ఉలి అయితే బాగుండునని, మహబూబ్‌నగర్ పిల్లను చూడమని నాకే చెప్పారు. ఆ పిల్ల పెళ్ళి కుదిరిందని ఫోటో పంపింది. మా పిల్ల దాన్ని తెరవలేదు. నేను మాత్రం తెరిచి చూశాను. ఆ ముక్కు మీద సుత్తి దెబ్బల గుర్తు ఒక్కటి కూడా లేదు.

ఆ వానాకాలం పక్క ఊరి మనిషి కాలు విరిగిన గొర్రెపిల్లను బుట్టలో తెచ్చి మా గడప ముందు దించాడు. నా భార్య దాన్ని చూసింది. "పశువుల దవాఖానకు తీస్కపో" అంది. "గదేంది వదినా, నువ్వుండంగ?" అన్నాడు వాడు. ఆమె లోపలికి పోయింది. బుట్టలో అది అరుస్తూనే ఉంది. వాడు నా ముఖం చూశాడు. నేను అటు తిరిగి బీడీ ముట్టించాను.

ఏడాది అయింది, దాటింది కూడా. పోదామా అని నేను రెండుమూడుసార్లు అడిగాను. ఎముక గట్టిపడింది, ఇప్పుడు చేస్తే నిలుస్తుంది, చదివాను అన్నాను. "వద్దు తాతా" అంది. ఎందుకని అడిగితే మొదట చెప్పలేదు. ఒకసారి గొర్రెల దొడ్డి దగ్గర, అవ్వ వినని చోట చెప్పింది.

"మళ్ళ చేయించుకుంటే మళ్ళ కట్టుంటది. అవ్వ దిక్కు చూసుకుంట నేను ఆ వారం దినాలు పండుకోలేను. నా దగ్గరికి రాకుంట ఆమె దూరం దూరం తిరుగుతది. అది చూడాల్నా నేను?"

ఇంకో దవాఖాన ఉంది, పట్నంలోనే ఉండి చేయించుకోవచ్చు, అవ్వ రాకుండా చూద్దామన్నాను. "ఆమె లేకుంట ఎట్ల పోత?" అంది. కోపగించుకుందామంటే పొట్టేలు చచ్చిపోయి చాలా కాలమైంది.

బజారులో ఆ చివర నుంచి ఈ చివరకు ఆమె నడవలేదు. చున్నీ మళ్ళీ కట్టింది. అది నేను అనుకున్నదే. అనుకోనిది ఇంకోటి జరిగింది. ఇప్పుడు గడప దాటి లోపలికి వచ్చినా విప్పడం లేదు. మొదట జలుబు అంది, తర్వాత దుమ్ము అంది. అవ్వ ఉన్న గదిలో ఉంటే గుడ్డ దిగదు. అవ్వ బయటికి పోయిందంటే అప్పుడు కిందికి లాగి గాలి పీల్చుకుంటుంది. తినేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. ఒకే కంచంలో తినడం ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియనే లేదు.

మొన్న పొద్దున నా భార్య రొట్టె కాలుస్తోంది. పిల్ల గోడ వైపు తిరిగి, చున్నీ కొద్దిగా ఎత్తుకుంటూ ముక్క ముక్క నోట్లో పెట్టుకుంటోంది. నేను గడప మీద పేపరు పట్టుకొని కూర్చున్నాను గానీ చదవడం లేదు.

"ఇంట్ల గూడ ఎందుకు బిడ్డా అది?" అంది నా భార్య. ఆ మాట అడగడానికి ఆమెకు ఇన్ని నెలలు పట్టింది.

"పొయ్యి పొగ అవ్వా. కండ్లు మండుతున్నయి."

మా ఇంట్లో కట్టెల పొయ్యి పోయి ఏళ్ళయింది. ఉన్నది గ్యాసు. రొట్టె కూడా మాడలేదు.

నా భార్య చేతిలోని రొట్టెను పెనం మీద వేసింది. "అవును, పొగున్నది" అంది. లేచి వెళ్ళి కిటికీ తలుపులు రెండూ తెరిచి, అక్కడే, మాకు వీపు పెట్టి నిలబడింది.